విత్తనపు సొమ్ము

ప్రజలు పన్నుల రూపమున నిచ్చు ధనము ప్రభుత్వపు బొక్కసమును జేరి, పెక్కు దారులలో మరల ప్రజలయొద్దకే వచ్చుచుండును. బాటగా వచ్చును, బడిగా వచ్చును, ఆసుపత్రిలో మందుగా వచ్చును. ఇవి యెల్లరు నెరిగిన దారులు. ఇవిగాక సన్నని కాలిబాట వంటి దారి మరియొకటి కలదు. ఒక గ్రామసంఘము గాని, లాభాపేక్ష లేని యొక సేవాసంస్థ గాని నేలసారమును గాపాడుటకో, పేదలకు బ్రతుకుతెరువు చూపుటకో క్రొత్త యుపాయము నొకదానిని తలపెట్టినప్పుడు, దానిని చిన్న యెత్తున పరీక్షించి చూచుటకై ప్రభుత్వమో, పురపాలక సంఘమో, పంచాయతీయో కొంత ధనసాహాయ్యము చేయును. దీనినే గ్రాంటు అందురు. ఇట్టి గ్రాంటులు ఇయ్యదగునా, ఇచ్చినచో నే నిబంధనలతో నియ్యవలెను అను విషయమును గూర్చి మా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును మనవి చేయదలచినారము.

ఇది పట్టణములవారి చర్చ, పిట్లమువారికి దీనితో నేమి పని యని కొందరు తలపవచ్చును. మన చెంతనున్న నిజాంసాగరమును చూడుడు. మంజీర నదిపై 1923లో నారంభింపబడి 1931లో పూర్తియైన ఆ జలాశయము మొదట 29 శతకోటి ఘనపుటడుగులకు మించిన నీటిని పట్టెడిది. ఎగువ చేలనుండి వరదలతో కొట్టుకొని వచ్చిన మన్ను ఏటేట అడుగున పేరుకొనగా ఆ శక్తి మిక్కిలి తగ్గెను. నీటిమట్టమును పెంచిన పిదప కూడ నది 17.8 శతకోటికే పరిమితమైనది. చేలు తమ పైమన్నును గోలుపోయెను. చెరువు తన లోతును గోలుపోయెను. కావున నేలను గాపాడుట యనునది వేదికలపై చెప్పుకొను చక్కని మాట మాత్రమే కాదు. కాలువ పారు పొలము గలవానికిని, వాననే నమ్ముకొన్న మెట్టరైతునకును అది యన్నపు సంగతి.

ప్రజాధనమును పరీక్షలకు వెచ్చించుట యేల, వ్యవసాయశాఖ లేదా, ఉద్యోగులు లేరా యని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. ఆ ధనమున కూలివాని చెమట కలదు. కాని యొక్కటి యోచింపవలెను. శాఖ యొక పద్ధతిని నిర్ణయించినచో నది యొకేమారు వేయి గ్రామములకు పాకును. పద్ధతి మంచిదైన వేయి గ్రామములు బాగుపడును. చెడ్డదైన వేయి గ్రామములు నష్టపడును. కుండెడన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఇల్లాలు మెతుకు పట్టి చూచును గాని కుండను కుమ్మరించి చూడదు. చిన్న ప్రయత్నమునకు ఇచ్చు గ్రాంటు ఆ మెతుకు వంటిది.

దీనికి నిదర్శనము దూరమున వెదుకనక్కరలేదు. 2009 ఎన్నికల నాటినుండి మనము ఏ లోకసభ నియోజకవర్గములో చేరియున్నామో ఆ జహీరాబాదు ప్రాంతముననే కలదు. అచ్చట 1983లో దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను స్వచ్ఛంద సంస్థ యేర్పడెను. పస్తాపురము చుట్టుపట్ల పల్లెలలోని పేద స్త్రీలు, వారిలో నధికభాగము దళిత స్త్రీలు, సంఘములుగా గూడిరి. చౌకధరల దుకాణపు బియ్యము వారి యాకలిని కొంత తీర్చెను గాని, జొన్నయు, కొర్రయు, సజ్జయు పండిన చేలు పెక్కు బీడువడియుండెను. 1990వ దశకము నడుమ ఆ స్త్రీలు భారత ప్రభుత్వపు గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ ధనసాహాయ్యముతో నొక ప్రయత్నము చేసిరి. బీడు దున్నుటకును, ఎరువు తోలుటకును, విత్తుటకును రైతులకు బదులిచ్చిరి. ఆ బదులును రైతు రూకలతో గాక, పండిన జొన్నలతో తీర్చవలెను. వచ్చిన జొన్నలను పాతకాలపు పద్ధతుల ప్రకారము ఊరిలోనే నిలువచేసిరి. ఊరిలో మిక్కిలి పేదలెవరో గ్రామస్థులు కూర్చుండి తామే నిర్ణయించిరి. వానకాలమున గాదెలు ఖాళీయైన దినములలో ఆ పేదయిండ్లకు బజారు ధరకంటె తక్కువకు ఆ జొన్నల నమ్మిరి. అందువలన వచ్చిన పైకము మరల సేద్యపు నిధియయ్యెను.

ఇందులోని కిటుకును మన విద్యార్థులు గ్రహింపవలెను. ప్రభుత్వమిచ్చిన ధనము ఒకమారు వచ్చెను. ఆ ధనము బీడును చేనుగా మార్చెను. చేను గింజను, గింజ నిధిని ఇచ్చెను. విత్తనపు గింజను వండి తినిన పూట గడచును. విత్తిన ఏడు గడచును. ఆ స్త్రీలు గ్రాంటును తినలేదు, విత్తిరి. వారి సంఘములే 2008లో మాచునూరున తమ సొంత రేడియోను నెలకొల్పెను. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము లభించెను.

రెండవ నిదర్శనము పాల్వంచ చేరువనున్న పునుకుల గ్రామము. అచ్చటి పత్తిరైతులు పురుగుమందులను అప్పుపై కొనుచు, మందు అమ్మినవానికే ఋణపడి, ఏటికేడు కుంగుచుండిరి. 1999 ప్రాంతమున సెక్యూర్ అను స్వచ్ఛంద సంస్థ ప్రోత్సాహమున కొలదిమంది రైతులు మందులు మాని చూచిరి. వేపగింజల కషాయమును, మిరప వెల్లుల్లి కషాయమును చల్లిరి. రెక్కల పురుగులకు దీపపు టెరలు పెట్టిరి. చేని నడుమ ఆముదమును, బంతిని నాటిరి. ఖర్చు తగ్గెను, ఇరుగుపొరుగువారు చూచి యనుసరించిరి. 2004 నాటికి తమ యూరు పురుగుమందులను విడనాడినదని పంచాయతీ ప్రకటించెను. ఇట్టి గ్రామముల యనుభవమును ఆధారము చేసికొని, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ 2004–05 మొదలుకొని మహిళా సమాఖ్యల ద్వారా ఈ పద్ధతిని ఇతర జిల్లాలకు వ్యాపింపజేసెను. మెతుకు ఉడికినదని తెలిసిన పిదపనే కుండ దింపిరి.

అట్లని అడిగినవారి కెల్ల గ్రాంటు లిచ్చిన మేలు కలుగునా? కలుగదు. సొమ్మున్నంత కాలము కార్యాలయమును, బల్లపై సంస్థ పేరును ఉండి, సొమ్ము ముగియగనే బల్ల మాత్రమే మిగిలిన తావులు మన దేశమున కొదువ కావు. దీనికి మందును మన పెద్దలొకరు ముందే చెప్పియుండిరి. కరీంనగరు ప్రాంతమున జన్మించిన అర్థశాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావు గారి యధ్యక్షతను ఏర్పడిన సంఘము 1994లో మెట్టభూముల యభివృద్ధిని గూర్చి నివేదిక సమర్పించెను. దాని ననుసరించి 1995 ఏప్రిల్ 1వ తేదీనుండి వాటర్‌షెడ్ పనులకు క్రొత్త నియమములు అమలులోనికి వచ్చెను. సుమారు 500 హెక్టార్ల చొప్పున చిన్న చిన్న పరిధులలో పనిచేయుట, స్వచ్ఛంద సంస్థలకును బాధ్యత నప్పగించుట, గ్రామస్థులు తమ వంతు చందాను నిధిలో జమకట్టుట, పని ముగిసిన పిదప ఆ నిధితోనే కట్టలను బాగుచేసికొనుట అను నియమములు వానిలో ముఖ్యములు.

వీనినెల్ల ఆలోచించి మేము మూడు నిబంధనలను కోరుచున్నాము. మొదటిది: ఊరి వంతు లేనిదే గ్రాంటు ఉండరాదు. ఆ వంతు రూకలే కానక్కరలేదు; గింజలు కావచ్చును, రెక్కలకష్టము కావచ్చును. తన చేయి వేసిన పనిని మనుష్యుడు తన కన్నువలె కాచుకొనును. రెండవది: జమాఖర్చులు గ్రామసభలో అందరు వినునట్లు చదువబడవలెను. చదువురాని ముదుసలి కూడ లేచి, ఈ పది బండ్ల యెరువు ఏ చేనికి తోలినారు నాయనా యని అడుగగలుగవలెను.

మూడవది యన్నిటికంటె ముఖ్యము. ప్రయత్నము ఫలింపనిచో ఆ సంగతిని నిజముగా చెప్పినవారిని శిక్షింపరాదు. ఇప్పుడు జరుగుచున్న దేమి? ఫలింపలేదని వ్రాసిన మరుసటి యేట సాహాయ్యము ఆగునను భయమున, ప్రతి నివేదికయు విజయగాథయే యగుచున్నది. అన్నియు విజయములే యైనచో మన పల్లెలింకను ఇట్లేల యుండును? వేపకషాయము ఒక పురుగును ఆపి వేరొకదానిని ఆపకపోవచ్చును. ఒక నేలకు పనికివచ్చిన కట్ట వేరొక నేలను నిలువకపోవచ్చును. ఆ సంగతి తెలియుటకే గదా గ్రాంటు ఇచ్చినది! సొమ్మును దొంగిలించుట నేరము. పరీక్షించి, కాలేదని ఒప్పుకొనుట నేరము కాదు. ఈ రెంటికిని భేదము తెలియని చోట దొంగయు నిజాయితీపరుడును ఒకే తీరున అబద్ధములు వ్రాయుదురు. అప్పుడు ప్రజాధనమును పోవును, దానితో కొనదలచిన జ్ఞానమును పోవును.

ఇక మన సంగతి. 15వ ఆర్థికసంఘము 2021–22 మొదలు 2025–26 వరకు గ్రామములకు కేటాయించిన గ్రాంటులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ప్రత్యేకింపబడి, తక్కిన 40 పాళ్లు ఊరి యవసరముల ననుసరించి ఖర్చుచేసికొనుటకు విడువబడెను. ఇట్టి స్వేచ్ఛ గల ధనము చేతికందినప్పుడెల్ల దానిలో నొక చిన్న భాగమును ఇటువంటి ప్రయత్నములకై గ్రామసభలు ఏర్పరచుట మేలని మా తలంపు. ఒక యేడు పది యెకరముల మెట్టలో జొన్నయు కందియు కలిపి విత్తి చూచుట, చెరువు పూడికమన్నును చేలకు తోలి దిగుబడిని కొలుచుట, మహిళాసంఘముచే ఒక గింజల నిధిని పెట్టించుట, ఇవి పెద్ద కార్యములు కావు. అయిన మంచిది, కాకున్న ఏల కాలేదో పిల్లవానికి కూడ తెలియును.

విద్యార్థులారా, ఇందు మీకును పని కలదు. వానను కొలుచుట, బావిలో నీటిలోతును నెలనెల వ్రాసికొనుట, ఎకరమునకు పండిన గింజలను తూచి పట్టికలో ఎక్కించుట మీ గణితము చేయగల పనులే. పక్షపాతము లేని పట్టిక పదిమంది పెద్దల వాదములకంటె బలమైనది. తలిదండ్రులారా, గ్రామసభ జరుగు దినమున పొలము పనిని ఒక జాము ఆపి రండు. లెక్క చదువుమని యడుగుడు. ఇచ్చువారు విత్తనమని యియ్యవలెను, పుచ్చుకొనువారు విత్తనమని పుచ్చుకొనవలెను. అట్లయిన పిడికెడు సొమ్ముతోనైనను పిట్లము చేలు పచ్చబడగలవు.