కౌన్సెలింగ్‌కి ముందు కౌన్సెలింగ్

మన ఇళ్లలో కౌన్సెలింగ్ అంటే ఏమిటి? ర్యాంకు కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, నాలుగు సెట్ల జిరాక్సులు పట్టుకుని హెల్ప్‌లైన్ సెంటర్ ముందు క్యూ కట్టడం. ఆనక నెట్ సెంటర్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం. అసలు ఆ మాటకి అర్థం సలహా చెప్పడం! సలహా చెప్పేవాళ్లు మాత్రం ఆ చుట్టుపక్కల కనిపించరు.

నరసరావుపేటలో లెక్చరర్‌గారి అబ్బాయికి ఆ లోటు తెలియదు. బాబాయి ఇంజినీరు, మేనత్త కూతురు ఫార్మసీ. ఏ కోర్సు ఎలాంటిదో భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. మరి బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల్లోని సుగాలీ తండాలో, నల్లమల అంచున చెంచుగూడెంలో, ఊరి చివర యానాదుల పాకలో పది పాసైన మొదటి పిల్ల సంగతేంటి? పరీక్షల కాలమే మిరప కోతల కాలం. అమ్మానాన్నా పొలంలో ఉంటారు. ఆ గడపకి వెతుక్కుంటూ వచ్చే సలహాదారు ఒక్కడే... ప్రైవేటు కాలేజీ పీఆర్వో! ఆయన్ని తప్పుపట్టలేం, అది ఆయన ఉద్యోగం. కానీ తన కాలేజీలో లేని కోర్సు గురించి ఆయనెందుకు చెబుతాడు?

ఉదాహరణకి, మాచర్ల మండలం విజయపురి సౌత్‌లోనే ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీ ఉంది. ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంటే చదువూ, హాస్టలూ ఉచితం. ఇక ట్రిపుల్ ఐటీలు. 2008లో గ్రామీణ పిల్లల కోసం మొదలైన వీటిలో సీటుకి పది మార్కులే ఆధారం. హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన వాళ్లకి 4 శాతం కలుపుతారు కూడా. వెనకబాటుని అంకెల్లో గుర్తించిన ఏర్పాటు ఇది, నిజంగా మెచ్చుకోవాలి. కానీ దరఖాస్తే పెట్టని పిల్లకి 4 శాతం కలిపితే ఎంతవుతుంది?

విచిత్రమేమిటంటే, ఈ కెరీర్ సలహా అనేది పుట్టిందే పేదల కోసం. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన వలస వచ్చిన కుటుంబాల, కార్మికుల పిల్లలకి ఏ పనిలో కుదురుకోవాలో చెప్పడానికి ఒక కేంద్రం తెరిచాడు. ఇప్పుడు అదే సలహా, గంటకింత అని ఫీజు కట్టగలిగేవాళ్లకి ఏసీ గదుల్లో దొరుకుతోంది.

ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకొస్తారు అనేవాళ్లుంటారు. వాళ్లు చూపించడానికి మన వినుకొండలో పుట్టిన జాషువా ఉన్నారు. బడి పంతులుగా చేశారు, రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చెప్పే వాచకుడయ్యారు, మళ్లీ తెలుగు పండితుడు, 1957లో మద్రాసు రేడియోలో ప్రొడ్యూసరు, 1964లో శాసనమండలి సభ్యుడు. అంటరానితనాన్ని భరిస్తూ, తడుముకుంటూ తన దారి తనే వేసుకున్న మహాకవి. సరే, మరి మహాకవులు కాని మామూలు పిల్లల మాటేమిటి? లెక్చరర్‌గారి అబ్బాయి మహా మేధావి కాకపోయినా ఇంజినీరవుతున్నాడు కదా!

ఇంకో చిక్కుంది. సలహా దొరికినా అది కులాన్ని, గుడిసెని చూసి చెప్పేదైతే? ‘‘మీవాడికి ఐటీఐ చాల్లే’’, ‘‘ఆడపిల్ల కదా, నర్సింగ్ చేర్పించు’’ అనే మాటలు వినని ఊరుందా? ఐటీఐ తక్కువని కాదు. దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఫిట్టర్‌కీ, ఎలక్ట్రీషియన్‌కీ పనుంది. అన్నీ విన్నాక పిల్లాడు ఐటీఐ కోరుకుంటే అది వాడి ఇష్టం. మిగతావి వినిపించకుండా అందులోకి తోస్తేనే అన్యాయం.

2022లో పల్నాడు జిల్లా అయ్యాక ఆఫీసులు దగ్గరికొచ్చాయి. సమాచారం మాత్రం ఇంకా తండా దాకా చేరడం లేదు. పైగా పది ఫలితాలొచ్చాక చెబితే సగం ఆలస్యమైనట్టే. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్ఎంఎంఎస్ అంటారు, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఇంట్లోవాళ్ల వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. చదివేది ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడి అయుండాలి, గురుకులాల వాళ్లకి వర్తించదు.

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురు ఏ క్లాసో ఓసారి అడగండి. ఎనిమిదైతే హెడ్మాస్టరుగారిని కలవమనండి. ఆదాయ పత్రం సచివాలయంలో ఇప్పుడే తీయించి పెట్టుకోమనండి, చివరి వారంలో అక్కడా క్యూనే!