పింఛనుతో పాటు నర్సూ రావాలి

మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పగలే కాదు, రాత్రి కూడా. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, ఒరిసిపోయి, పుండవుతుంది. ముదిరితే ఎముక కనిపిస్తుంది. నేను స్టాఫ్ నర్సుగా రిటైరై తెనాలిలో ఉంటున్నాను. చుట్టుపక్కల ఎవరింట్లో యూరిన్ పైపు మార్చాలన్నా, పుండుకు కట్టు కట్టాలన్నా నాకే కబురొస్తుంది. నేను వెళ్లేసరికి పుండు పడే ఉంటుంది. ముందే ఏం చూసుకోవాలో వాళ్లకు చెప్పినవాళ్లుంటే కదా!

మా వీధి చివర ఒక పెద్దావిడ పక్షవాతంతో మంచాన పడింది. కోడలు జాకెట్లు కుట్టేది. ఇప్పుడు ఆ మిషను మీద మడతపెట్టిన పాత చీరలు, డైపర్ల ప్యాకెట్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి చేతిలో పెట్టి వెళ్తాడు. కేంద్రం వృద్ధాప్య పింఛను కింద 80 ఏళ్లలోపు వారికి తన వాటాగా ఇచ్చేది 200. దాని పక్కన పెట్టి చూస్తే ఇదెంత పెద్ద సాయమో తెలుస్తుంది. ఏ పార్టీ ఇచ్చిందన్నది పక్కన పెట్టండి, మంచి పని. "మందులకూ డైపర్లకూ ఎవర్నీ అడగక్కర్లేదు నర్సమ్మగారూ" అంది కోడలు. కానీ అత్తగారి నడుముకు నొప్పి కలగకుండా ఎలా తిప్పాలో, ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు తలవైపు ఎందుకు ఎత్తు పెట్టాలో ఆ అమ్మాయికి ఎవరూ చూపించలేదు. తలెత్తకుండా పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

2007 నాటి వయోవృద్ధుల చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి సరిపడేది కట్టాలని రాసుకుంది. జిల్లాకు 150 పడకలు ఏ మూలకొస్తాయి? పైగా నేను వాకబు చేసిన ఆశ్రమాల్లో మొదటి ప్రశ్న ఒకటే: "బాత్రూమ్‌కి తనంతట తాను వెళ్తారా?" వెళ్లగలిగితే మనం ఆశ్రమం వెతకడమెందుకు? 2024 అక్టోబరు నుంచి 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వైద్యం ఉంది. అదీ ఆసుపత్రిలో చేరితేనే. పుండు చీము పట్టి ఒళ్లంతా విషమైతే సర్కారు ఖర్చు పెడుతుంది. పుండు పడకుండా చూసే మనిషికి మాత్రం రూపాయి ఇవ్వదు. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో తిరిగినదాన్ని, నాకిది ఎప్పటికీ మింగుడుపడదు.

జర్మనీలో 1995 నుంచి దీర్ఘకాల సంరక్షణకు విడిగా ఒక బీమా ఉంది. జీతాల్లోంచి కోత పెడతారు, యజమానీ వాటా కడతాడు. ఇంట్లోనే ఉంటామన్నవారు నగదైనా తీసుకోవచ్చు, నర్సుల సేవలైనా తీసుకోవచ్చు. నగదు తీసుకునే ఇంటికి నిర్ణీత కాలానికోసారి శిక్షణ పొందిన మనిషి వెళ్లి, చూసుకోవడం ఎలా సాగుతోందో చూసి సలహా చెప్పాలి. ఇంటి మనిషి తగినన్ని గంటలు సేవ చేస్తే ఆ మనిషి పింఛను ఖాతాలోనూ డబ్బు జమవుతుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకే జర్మన్ నేర్పి అక్కడికి పంపుతోంది! అంత డబ్బు మన దగ్గర లేదంటారు. సరే, కేరళను చూడండి. 2008లో పాలియేటివ్ (ఉపశమన సంరక్షణ) విధానం తెచ్చి, ఆ బాధ్యతను పంచాయతీలకు ఇచ్చారు. పంచాయతీ నిధులతో నర్సు బండిలో ఇంటింటికీ వెళ్తుంది. మంచం పట్టినవాళ్లను చూసుకునే మనిషికి ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 ఇస్తారు. చిన్న మొత్తమే, కానీ అది రోగి పేరున కాదు, చూసుకునేవాళ్ల పేరున వస్తుంది.

"ఇంట్లోవాళ్లను చూసుకోవడానికి కూడా డబ్బులా, అది మన ధర్మం కదా" అని సభల్లో మాట్లాడేవాళ్లుంటారు. నేను చూసినంతవరకు అర్ధరాత్రి లేచి తడిసిన దుప్పటి మార్చేది వాళ్లు కాదు.

2025 జనవరిలో ఈ 15,000 పింఛనుదారులు నిజంగా అర్హులో కాదో తేల్చడానికి డాక్టర్ల బృందాలను ఇళ్లకే పంపారు. అనర్హులను ఏరడం తప్పు కాదు. మరి తనిఖీకి గడప దాకా రాగలిగిన ప్రభుత్వం కట్టు కట్టడానికి ఎందుకు రాకూడదు? సచివాలయాల్లో ఏఎన్ఎమ్‌లు ఉన్నారు, ఆశాలు ఉన్నారు. నిజమే, వాళ్ల నెత్తిన ఇప్పటికే యాప్‌ల భారం ఉంది. అందుకే ఇది వాళ్లకు అంటగట్టకుండా, ఊళ్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, గౌరవ వేతనం అనకుండా జీతమే ఇవ్వాలి. కోడలికి జ్వరమొచ్చినా, పుట్టింట్లో పెళ్లయినా నాలుగు రోజులు పెద్దావిడను ఉంచుకోవడానికి పీహెచ్‌సీలో రెండు పడకలుండాలి. అసలు ఎవరూ లేనివారికి ఆశ్రమాలూ కావాలి, కాదనను.

ఎవరింట్లో ఎవరు మంచం మీద ఉన్నారో పింఛను జాబితాలో పేరు, వీధితో సహా ఉంది. దాన్ని ఆరోగ్యశాఖ చేతికిచ్చి వచ్చే నెల నుంచే ఒక మండలంలో మొదలుపెట్టొచ్చు. కావాలంటే శిక్షణకు నేనొస్తాను.