కుండలో ఆసవం, సీసాలో ఆసవం

జంషెడ్‌పూర్ పరిసరాలలోని సంతాల్, హో పల్లెలలో హండియాను ఏళ్ళ తరబడి దాచరు. అన్నంలో ‘రాను’ అనే మూలికల బిళ్ళను పొడిచేసి కలిపి కుండలో ఉంచితే, వేసవిలో రెండు మూడు రోజులకే సిద్ధమవుతుంది. జాగుచేస్తే పులిసి పాడవుతుంది. సంతలో అమ్ముకొనే స్త్రీలకు ఈ లెక్క బాగా తెలుసు.

ఫ్రాన్సులోని బర్గండీ లెక్క వేరు. అక్కడ షార్డొనే ద్రాక్షతో చేసే తెల్లని ఆసవం కొత్తలో నిమ్మ, పచ్చి ఆపిల్ వాసన వేస్తుంది. మెర్సో వంటి గ్రామాల ఉత్తమమైన సీసాలు పదేళ్ళకు తేనె వన్నె, వేయించిన గింజల పరిమళం సంతరించుకొంటాయి. అయితే అందుకు 12 డిగ్రీల చల్లదనం, చీకటి, బెండు ఆరకుండా పడుకోబెట్టిన సీసా కావాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్‌లో బీరువా అరలో దాచినవారికి దక్కేది గోధుమరంగు, కమిలిన ఆపిల్ వాసన. ఆ మాటకొస్తే 1995, 1996 పంటల సీసాలు అనేకం చల్లని నేలమాళిగలలోనే అకాల వార్ధక్యం పాలైనాయి! బెండుదే దోషమన్నారు కొందరు, తయారీదన్నారు మరికొందరు.

కాబట్టి అటువంటి సీసా ఎవరైనా కానుకగా ఇస్తే అమ్మాయి పెళ్ళికని దాచవద్దు. ఈ వారమే చల్లబరచి తెరవండి. మరీ మంచులా కాదు సుమా, అతిచలికి పరిమళం అణగిపోతుంది.