తారీఖు తారుమారైతే...

ఓ పీజీ విద్యార్థిని ప్రాజెక్టు కోసం తన ఊళ్లో పిల్లల టీకాల వివరాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించిందనుకోండి. లెక్కలు తీయడానికి ఆ ఫైలును 'ఆర్' సాఫ్ట్‌వేర్‌లోకి పంపింది. తీరా చూస్తే పుట్టినతేదీ ఉండాల్సిన చోట 45143! కంగారుపడి దాన్ని తేదీగా మార్చమంటే 2093 ఆగస్టు 6 అని చూపించింది. అంటే ఆ పిల్లాడు ఇంకా పుట్టనేలేదన్నమాట!

నిజానికి ఫైలు పాడవలేదు. ఎక్సెల్‌ తేదీని తేదీగా దాచుకోదు. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని రోజులు లెక్కపెడుతుంది. ఆ లెక్కన 2023 ఆగస్టు 5 అంటే 45143. ఆర్‌ లెక్క మొదలయ్యేది 1970 జనవరి 1 నుంచి. స్టాటా, శాస్‌లకైతే 1960 జనవరి 1. ఎస్‌పీఎస్‌ఎస్‌ ఏకంగా 1582 అక్టోబరు 14 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. ఎవరి క్యాలెండరు వాళ్లది!

మరి లోపలి అంకె ఎందుకు బయటపడింది? తేదీల కాలమ్‌లో ఒక్క గడిలో 'తెలియదు' అని రాసినా చాలు, ఆర్‌ ఆ కాలమ్‌ మొత్తాన్ని అక్షరాలుగా తీసుకోవచ్చు. అప్పుడు తేదీల బదులు అంకెలే వస్తాయి. వాటిని మళ్లీ సంఖ్యలుగా మార్చి, 1899 డిసెంబరు 30 నుంచి లెక్కపెట్టమని చెబితే సరిపోతుంది. డిసెంబరు 31 ఎందుకు కాదంటారా? 1900 లీపు సంవత్సరం కాకపోయినా ఎక్సెల్‌ ఆ ఫిబ్రవరికి 29 రోజులిచ్చింది. అంతకుముందున్న లోటస్‌ 1-2-3లోని ఈ పొరపాటును, దాని ఫైళ్లతో తేడా రాకూడదని అలాగే ఉంచేశారు.

చప్పుడు చేయని తప్పు

2093 అని కనిపిస్తే ఎవరైనా పట్టేస్తారు. పట్టుబడని తప్పు ఇంకోటుంది. 05/08/2023 అంటే మనకు ఆగస్టు 5. కంప్యూటర్‌ అమెరికా పద్ధతిలో సెట్టయి ఉంటే మే 8! అదే టీకా వేసిన 20/05/2024 జోలికి మాత్రం అది పోదు. ఇరవయ్యో నెల లేదుగా! అక్షరాలుగా వదిలేస్తుంది. దాన్ని మే 20గా సరిచేసుకున్నా, పుట్టినతేదీ మాత్రం తప్పుగానే ఉండిపోతుంది.

ఫలితం? తొమ్మిది నెలలు నిండాక, ఏడాదిలోపు వేయించాల్సిన మీజిల్స్‌-రూబెల్లా టీకాను తొమ్మిదిన్నర నెలలకే వేయించిన తల్లి, లెక్కల్లో ఏడాది దాటాక వేయించినట్టు తేలుతుంది. వేళకు తీసుకెళ్లినా ఆలస్యం చేసిందన్న నింద!

ఇలా చేస్తే మేలు

* అసలు ఫైలును కదపకుండా నకలు మీదే పనిచేయాలి.

* అలైన్‌మెంట్‌ మార్చని గడిలో తేదీ కుడివైపు, అక్షరాలు ఎడమవైపు ఉంటాయి. రెండూ కలగలిసి కనిపిస్తే అనుమానించాల్సిందే.

* తేదీ తెలియకపోతే గడి ఖాళీగా వదిలేయాలి.

* కాలమ్‌ను ముందే 'టెక్స్ట్‌'గా మార్చుకుని 2023-08-05 అని.. ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే గొడవే ఉండదు.

* ఫైలు పంపాక అన్నిటికన్నా పాత తేదీ, కొత్త తేదీ చూడాలి. పుట్టకముందే టీకా వేసినట్టు ఉందేమో వెతకాలి.

* చివరగా ఓ పదిమంది పిల్లల వివరాలను కాగితం రిజిస్టరుతో పోల్చుకోవాలి. ఆగస్టు 5 మే 8గా మారిన సంగతి కంప్యూటర్‌ చెప్పదు, ఆ రిజిస్టరే చెప్పాలి.