ఆ రాత్రి ఇంట్లో ఎవరేమన్నారు?

ప్రొద్దుటూరు దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం పొడుగైనది గనక మూడు సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను. పోయిన నెలలో వాళ్ల పక్క వీధిలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ప్రాణాలు తీసుకున్నారు. తప్పెవరిదని ఊరంతా ఒకటే చర్చ. పిల్లలదేనని కొందరు, పెద్దలదని కొందరు, సినిమాలదీ సెల్‌ఫోన్లదీ అని ఆమె భర్త. ఇది మొదటిది. రెండోది, వాళ్లమ్మాయికి 19 ఏళ్లు, పోయిన పిల్లకు స్నేహితురాలు. అప్పటినుంచీ సరిగ్గా తినదు, రాత్రిళ్లు నిద్రపోదు. మూడోది ఉత్తరం అడుగున, చిన్న అక్షరాలతో రాశారు: "దానికి కూడా ఒక అబ్బాయి ఉన్నాడని నాకు తెలుసు. ఆయనకు తెలియదు. డాక్టరు గారూ, నిద్రకు ఏదైనా మాత్ర రాయండి."

అమ్మా, మాత్ర రాయను. మీ అమ్మాయికి నిద్ర పట్టనిది స్నేహితురాలు పోయిన దుఃఖం వల్ల, రేపు తన గతీ అంతేనేమోనన్న భయం వల్ల. దానికి నిద్రమాత్ర మందు కాదు. పైగా ఇలాంటి రోజుల్లో ఆ మాత్రల అట్ట ఇంట్లో ఉండటమే ప్రమాదం. మీ అత్తగారో మామగారో రోజూ వాడే మాత్రలున్నా, కొన్నాళ్లు మీ దగ్గరే దాచి పూటకింతని మీరే ఇవ్వండి.

తర్వాత అమ్మాయి పక్కన కూర్చుని సూటిగా అడగండి. "పాపా, సచ్చిపోవాలని అనిపిస్తాందా నీకు?" అని ఇంత తేటగానే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అది అపోహ. అడిగినందువల్ల కొత్తగా పుట్టదు. ఉన్నదైతే బయటికి వస్తుంది. అవునంటే అరవకండి, తల మీద చెయ్యి వేయించుకుని ఒట్లు పెట్టించుకోకండి. ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. కడప, కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఆ విభాగాలున్నాయి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్ ఫోను 14416కు రాత్రయినా పగలయినా చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు అక్కరలేదు.

ఇక తప్పెవరిదన్న మాట.

రోమియో జూలియెట్ కథ కాలేజీలో చదివినవారు మీ బంధువుల్లో ఉండే ఉంటారు. ఇటలీలో రెండు కుటుంబాల మధ్య కక్ష. కక్ష అంటే ఏమిటో మన సీమవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఆ నాటకాన్ని నేను వైద్యుడి కళ్లతో చదివితే కక్ష కన్నా ముందు వేరే సంగతులు కనిపించాయి. ఇద్దరూ కలుసుకున్నది మొదలు సమాధిలో పడిపోయేదాకా గడిచింది వారం కూడా కాదు. ఆ పిల్లకు 14 ఏళ్లు నిండలేదు. చెప్పిన సంబంధం చేసుకోకపోతే ఇంట్లోంచి గెంటేస్తాననీ, వీధుల్లో పడి చచ్చినా పట్టించుకోననీ తండ్రి అరుస్తాడు. తల్లి మొగం తిప్పుకుంటుంది. అంతదాకా రహస్యాలన్నీ మోసిన దాది కూడా, నాన్న చెప్పినవాణ్నే చేసుకోమంటుంది. ఆ క్షణానికి ఆ ఇంట్లో ఆ పిల్ల నోరు విప్పి చెప్పుకోవడానికి ఒక్క మనిషి మిగలలేదు. ఆ తర్వాత జాబు అందకపోవడం (జాబు తెచ్చేవాణ్ని అంటురోగం అనుమానంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులు బిగిస్తారు), చట్టం వద్దన్నా పేదరికంతో ఒక మందుల దుకాణంవాడు విషం అమ్మడం, ఇవన్నీ కలిసొచ్చాయి. ఒక్కరి తప్పు కాదు. కానీ అందరి తప్పూ సమానం కాదు. ఇంట్లో చెప్పుకునే మనిషి ఉండి ఉంటే దారి తప్పిన జాబు ఒక్కటీ ఆ పిల్లను చంపేది కాదు.

మీ వారు సినిమాలదంటున్నారు. కొంత నిజం ఉంది, కాదనను. 1978లో మరోచరిత్ర వచ్చింది, 1981లో అదే కథ హిందీలో వచ్చింది. చివర చావు చూసి పిల్లలు అనుకరిస్తున్నారని అప్పట్లోనే పెద్ద ఆందోళన బయలుదేరింది. పత్రికల్లో ఇలాంటి చావును జంట ఫొటోతో, కథలాగా వేస్తే మరికొందరు అదే దారి పడతారని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. కానీ సినిమా చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. అందరూ పోలేదు గదా. ఎవరింట్లో ఆ రాత్రి ఏం జరిగిందన్నది చూడాలి.

ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తల్లో కర్నూలు జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేశాను. ఎండాకాలం ఒక అర్ధరాత్రి పత్తి పండించే ఊరి నుంచి ఒక అమ్మాయిని జీపులో వేసుకొచ్చారు. అప్పటికే నాలుగు గంటలు ఆలస్యం. పరువు పోతుందని, పోలీసు కేసవుతుందని తలుపులు మూసి ఉప్పునీళ్లు, చింతపండు పులుసు తాపించారు. ఎలాగో బతికింది. వారం తర్వాత వార్డులో అడిగాను, ఎందుకమ్మా అని. ఆ అబ్బాయి పేరు చెబుతుందనుకున్నాను. "నాయన కొట్న్యాడు, అది కాదు సార్. రాత్రి అందరూ తిన్యారు, నన్ను ఎవురూ పిల్సలేదు. అమ్మ అన్నానికి పిల్సింటే లేసి పోయిండేదాన్ని" అంది. కొన్నేళ్ల తర్వాత బిడ్డకు టీకా వేయించడానికి వచ్చి పలకరించింది. భర్త వేరే ఊరివాడు, చల్లగా ఉన్నారు. మాటల్లో పాత సంగతి వచ్చినప్పుడు ఆ అబ్బాయి పేరు గుర్తు చేసుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది.

ఆ క్షణం నాకు చాలా నేర్పింది. చావాలన్న ఉధృతి చాలామంది పిల్లల్లో ఏళ్లతరబడి ఉండేది కాదు. కొన్ని గంటలు, ఒక్కోసారి కొన్ని నిమిషాలు. ఆ గంటలు దాటితే మనిషి దాటినట్టే. అంచేత ఆ గంటలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల మీదే బాధ్యత ఎక్కువ. ఆ గంటల్లో పిల్లల చేతిలో ఉండేది తక్కువ, పెద్దల చేతిలో ఉండేది ఎక్కువ.

మన ఇళ్లలో ఈ గొడవ ఎలా మొదలవుతుందో గమనించండి. సంగతి బయటపడగానే తండ్రి "వాణ్ని చేసుకుంటే నేను సస్తా" అంటాడు. తల్లి "మందు తాగుతా" అంటుంది. అవ్వ కూడు మానేస్తుంది. కోపం ఇంకా ముదిరితే "యాడన్నా పోయి సావు పో" అంటారు. అన్నవాళ్లెవరూ నిజంగా ఆ ఉద్దేశంతో అనరు, నాకు తెలుసు. మన సీమలో ముద్దుకు కూడా తిడతాం. కానీ చూడండి, చావు అనే మాటను బేరంలోకి ముందు తెచ్చింది ఎవరు? పెద్దలే. చావుతో బెదిరిస్తే ఎదుటివాళ్లు లొంగుతారని పిల్లలకు ఇంట్లోనే నేర్పించాం. పెద్దలు మాట వరసకన్నది పిల్లలు చేసి చూపిస్తారు.

చట్టం దీన్ని వేరే తక్కెడలో తూస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో 2008లో చనిపోయిన ఒక యువతి కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీర్పు చెప్పింది. పెళ్లికి ఒప్పుకోకపోవడం, అతన్ని చేసుకోకుండా బతకలేకపోతే బతకవద్దని అనడం కూడా ఆత్మహత్యకు ప్రేరేపించిన నేరం కిందికి రావని దాని సారాంశం. అబ్బాయి తల్లి మీద పెట్టిన కేసు కొట్టివేశారు. నేరం రుజువు కావడానికి అంతకన్నా గట్టి ఆధారం కావాలి, న్యాయమే. కానీ కోర్టులో నిలవని మాట ఇంట్లో నిలిచిపోతుంది. ఆ మాట అన్నవాళ్లు ఎన్నేళ్లకైనా దాన్ని తలుచుకుంటూ నా దగ్గరికి రక్తపోటుకు, గుండెదడకు మందు రాయించుకుపోవడం చూశాను.

దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రేమ వ్యవహారాలు కారణమని రాసినవి నూటికి 4.5, కుటుంబ సమస్యలని రాసినవి 31.7. ప్రేమ సంగతి మీద ఇంట్లో కొట్లాట జరిగి పోయిన పిల్లను పోలీసులు ఏ గడిలో రాస్తారో మీరే ఆలోచించండి.

ఇంకో బాధ్యుడు పురుగుమందు. పత్తి, మిరప వేసే ఊళ్లలో అది చేతికందే దూరంలో ఉంటుంది. ఒకప్పుడు ఎండ్రిన్ పేరు ఎరగని పల్లె లేదు. తర్వాత దాన్ని నిషేధించారు. శ్రీలంకలో అతి విషపూరితమైన మందులను ఒకటొకటిగా నిషేధించుకుంటూ పోతే 1995 నుంచి 20 ఏళ్లలో ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గిపోయింది. అక్కడి ప్రేమలేమీ తగ్గలేదు. ఇంట్లో తాళం పెట్టెలో పెడితే చాలదా అంటారేమో. అదీ అక్కడే పరీక్షించి చూశారు. 2017లో ఫలితం వచ్చింది, చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. అంచేత అవసరమైన రోజున అవసరమైనంతే కొని, మిగలకుండా చల్లి రండి. పడకటింటి అటక మీద నిలవ వద్దు.

ఎవరైనా తాగారని అనుమానం వస్తే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు పులుసు ఏమీ వద్దు; ఊపిరితిత్తుల్లోకి పోయి అదే చంపుతుంది. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగండి. స్పృహ తప్పుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108ని పిలవండి, డబ్బా వెంట తీసుకుపోండి. మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఇంటికి తీసుకుపోవద్దు. కొన్ని విషాలు మొదటి రోజు ఏమీ చూపించక తర్వాత మూత్రపిండాలనూ ఊపిరితిత్తులనూ పట్టుకుంటాయి. పోలీసు భయం వద్దు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా చూడాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతుంది. 2024 జులై 1న వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ పాత నేరం మామూలు మనుషులకు లేదు.

ఇంతసేపూ తమంతట తాము పోయినవాళ్ల గురించి రాశాను. చంపబడినవాళ్ల సంగతి వేరు, అక్కడ తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. 2020 డిసెంబరు 31న ఆదోనిలో కులాంతర వివాహం చేసుకున్న ఒక ఫిజియోథెరపిస్టును చంపారు. పెళ్లయి రెండు నెలలు కాలేదు. అమ్మాయి తరపువాళ్లు అరెస్టయ్యారు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా చంపారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మొదటి నిందితుడైన అమ్మాయి తండ్రి ఆ తీర్పు రాకముందే, 2020లో చనిపోయాడు. కూతురి మీద అతి ప్రేమతో చేశాడని అనేవాళ్లను నేను విన్నాను. వైద్యంలో ఏ జబ్బునూ ఇలా అందమైన పేరుతో పిలవం.

మనకు ఈ సంబంధాలు కొత్తా అంటే అదీ కాదు. దేవుని కడప వెంకటేశ్వరుడు బీబీ నాంచారమ్మను చేసుకున్నాడు గనక మా అల్లుడేనని ఉగాదినాడు ముస్లింలు గుడికి వస్తారు. నిన్నమొన్నటిదాకా కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని చెంచులకు అల్లుడయ్యాడు. పారువేటకు ఊరూరా తిరిగి తన పెళ్లికి అత్తవారిని పిలుస్తాడంటారు. దేవుడికైతే అల్లుడి మర్యాద చేస్తాం. పక్క వీధి కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి కత్తులు వెతుకుతాం.

అమ్మా, మీకు నా సలహా ఇది. అబ్బాయి సంగతి మీ వారికి ఇప్పుడే చెప్పడానికి తొందరేమీ లేదు. ముందు ఆ ఇంట్లో "సస్తా", "సావు" అన్న మాటలు మాన్పించండి. మీరు మానండి, ఆయన చేత మాన్పించండి. అమ్మాయి మైనరు కాదు. ఇష్టపడిన ఇద్దరు మేజర్ల పెళ్లికి కుటుంబం, కులం సమ్మతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో చెప్పిన సంగతి మీకూ తెలియడం మంచిది. చదువు ముగిసేదాకా ఆగమని అడగవచ్చు, అందులో తప్పు లేదు. కానీ ఆగమని చెప్పి లోపల్లోపల సంబంధాలు చూడకండి. ఆ మోసం తెలిసిన రాత్రే చాలా ఇళ్లలో ఘోరం జరిగింది. మీ చెల్లెలో వదినో, ఆ పిల్ల మనసు విప్పే మనిషి ఒకరుంటారు. వాళ్లను పది రోజులు మీ ఇంట్లో ఉండేలా పిలిపించుకోండి.

ఈ రాత్రి అమ్మాయిని అన్నానికి మీరే పిలవండి. రాకపోతే కంచం పట్టుకుని లోపలికి వెళ్లి కూర్చోండి. తిన్నదో లేదో నాకు రాయండి. పేరు వేయను.