గాజు తొట్టిలో సముద్రం... తొందరపడితే నష్టం!

ఉప్పునీటి చెరువు సాగు చేసేవాడికి ఉప్పునీటి తొట్టి ఒక లెక్కా అని మన ఆక్వా రైతులు అనుకోవడంలో వింతేమీ లేదు. సెలినిటీ చూడటం, పీహెచ్ చూడటం, అమ్మోనియా పెరిగితే కంగారుపడటం, అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తటం... ఇవన్నీ భీమవరం, నరసాపురం ప్రాంతాల్లో బడికెళ్ళే పిల్లలకు కూడా తెలిసిన సంగతులే. అందుకే ఆ పిల్లలు సెల్‌ఫోనులో చూసి, పగడాల మధ్య నారింజరంగు చేపలు తిరిగే తొట్టి కావాలని మారాం చేస్తే తండ్రి కాదనలేకపోతున్నాడు. కాదనక్కర్లేదు కూడా. కానీ మొదలుపెట్టే తీరు మారాలి. శనివారం తొట్టి కొనడం, ఆదివారం నీళ్ళు నింపడం, సోమవారం చేపల్నీ పగడం ముక్కనీ తెచ్చి వేయడం... ఇదీ వరస! పక్షం తిరగకుండానే తొట్టి ఖాళీ. అలా పోయేది డబ్బొక్కటే అయితే ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

నేను చెప్పదలచింది సూటిగా చెబుతాను. మొదటి నలభై రోజులు చేప జోలికి పోవద్దు. మొదటి ఏడాది పగడం జోలికి పోవద్దు. పగడం లేనప్పుడు అది పగడపు తొట్టి ఎలా అవుతుందని అడిగేవాళ్ళున్నారు. నారు పోయకుండా నాట్లు వేస్తారా మరి?

ముందు తొట్టి సైజు సంగతి. చిన్నదైతే సులువని అందరూ అనుకుంటారు. ఇది పూర్తిగా తిరగబడ్డ లెక్క. చెరువులో నీళ్ళు ఎకరాల కొద్దీ ఉంటాయి కనుక మన పొరపాట్లను కొంతవరకు మోస్తాయి. ఇరవై లీటర్ల తొట్టి ఏ పొరపాటునూ మోయలేదు. ఎండాకాలంలో ఫ్యాను కింద రోజుకో లీటరు ఆవిరవుతుందనుకోండి. నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. ఇరవై లీటర్ల తొట్టిలో 35 పిపిటి ఉన్న సెలినిటీ మూడు రోజుల్లో 41 దాటుతుంది. అదే వంద లీటర్ల తొట్టి అయితే 36 దగ్గర ఉంటుంది. అందుకని రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టికి తగ్గొద్దు. రాళ్ళు పోను దాదాపు వంద లీటర్లు పడుతుంది. గాజు, నీళ్ళు, రాళ్ళు కలిపి క్వింటాలు పైగా బరువు కాబట్టి టీవీ స్టాండు మీద పెడతామంటే కుదరదు. తగ్గిన నీటికి బదులు పోయాల్సింది మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు కాదు. చెరువులో వేసవికి సెలినిటీ ఎక్కడం ఏటా చూసే రైతు కూడా, తొట్టి దగ్గరికి వచ్చేసరికి ఉప్పునీళ్ళ బకెట్టే ఎత్తుతాడు!

ఇక ఉప్పు. చినగంజాం నుంచి లారీల మీద వచ్చే ఉప్పు మూటలుండగా, డబ్బు పోసి అక్వేరియం ఉప్పు కొనడమేమిటని అడిగే పెద్దలుంటారు. ప్రశ్న సబబైనదే. అయితే ఉప్పు మడిలో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. సముద్రపు నీరు ఎండుతుంటే అందులోని కాల్షియంలో ఎక్కువ భాగం జిప్సంగా ముందే అడుగున దిగిపోతుంది. తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం మిగిలిన చేదునీళ్ళలో ఉండిపోతాయి, ఆ నీళ్ళను బయటికి వదిలేస్తారు. చేతికొచ్చే ఉప్పు కూరకు బాగుంటుంది గానీ, సముద్రం కాదు. బోరు నీళ్ళతో తక్కువ సెలినిటీలో వనామీ పెంచేవాళ్ళు మినరల్ మిక్చర్ బస్తాలు ఎందుకు చల్లుతున్నారో ఇక్కడా అదే కారణం. పగడాలు పెరిగే నీటిలో కాల్షియం 400 నుంచి 450 పిపిఎం, మెగ్నీషియం సుమారు 1300, ఆల్కలినిటీ 140 నుంచి 180 ఉండాలి. వీటన్నిటినీ కలిపి తయారుచేసిన ఉప్పు ప్యాకెట్లలో దొరుకుతుంది. వంద లీటర్లకు మూడున్నర కిలోల పైచిలుకు పడుతుంది. ఆర్వో నీళ్ళలో కలిపి, ఒకరోజు గాలి మోటారు పెట్టి తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌తో 35 చూసుకుని అప్పుడు తొట్టిలో పోయాలి. ఊళ్ళో ఆర్వో ప్లాంటు నీళ్ళయితే టీడీఎస్ ఒకసారి కొలవండి. ఎంత సున్నాకు దగ్గరైతే అంత మేలు. కాలవ నీళ్ళు పోస్తే పంట చేలనుంచి వచ్చిన ఎరువంతా తొట్టిలో నాచై కూర్చుంటుంది.

పేరుపాలెం వెళ్ళి నాలుగు డబ్బాలు సముద్రపు నీళ్ళే తెచ్చుకోవచ్చు కదా అంటారా? గోదావరి వచ్చి కలిసేచోట వరదల కాలంలో ఆ నీళ్ళు సగం మంచినీళ్ళే. పైగా ఒండ్రు. నిజానికి మన తీరంలో మన్నార్ గల్ఫ్‌లోలా, లక్షద్వీప్‌లోలా పగడపు దిబ్బలు పరుచుకుని లేకపోవడానికి ఈ ఒండ్రూ, నది నీళ్ళూ ముఖ్య కారణాలు. పగడానికి తేటనీళ్ళు కావాలి, వెలుతురు కావాలి. మన డెల్టాను చేసిన మట్టే దానికి పడదు.

అసలు పని ఇక్కడినుంచే. నీళ్ళు నింపి, రాళ్ళు పేర్చి, మోటారు వేసి ఊరుకోవాలి. ఊరుకోవడం మన రైతుకు చాలా కష్టమైన పని! అయినా ఊరుకోవాలి. తొట్టిలో చిటికెడు మేత వేస్తే అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. కొన్ని బాక్టీరియాలు దాన్ని నైట్రైటుగా, మరికొన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఇవి నీళ్ళలోకంటే రాళ్ళనూ గాజునూ అంటిపెట్టుకుని పెరుగుతాయి, పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో ఎన్ని మందు సీసాలు పోసినా గబుక్కున అయిపోయేది కాదు. వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో చూస్తూ కాగితం మీద రాసుకోండి. అమ్మోనియా ఎక్కి దిగుతుంది. తర్వాత నైట్రైటు ఎక్కి దిగుతుంది. రెండూ సున్నాకు వచ్చి, మళ్ళీ చిటికెడు మేత వేసినా మర్నాటికి సున్నాలోనే ఉంటే తొట్టి పక్వానికి వచ్చినట్టు. పీహెచ్ 8.2 దగ్గర ఉండే ఈ నీటిలో అమ్మోనియా విషం మంచినీటి తొట్టిలో కంటే ఎక్కువగా తగులుతుందని రొయ్యల రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కొందరు మేతకు బదులు పచ్చి రొయ్యను వేయమంటారు. మన ఇళ్ళలో వద్దంటాను. చెరువు రొయ్యతో పాటు తెల్లమచ్చ వైరస్ కూడా తొట్టిలోకి రావచ్చు, రేపు అందులో వేసే చిన్న రొయ్యలకు అది చేటు. అలాగే చెరువు వల, బకెట్టు తొట్టిలో పెట్టొద్దు. తొట్టి నీళ్ళు చెరువులోగానీ బోదెలోగానీ పారబోయొద్దు.

చెరువు అలవాట్లలో మరొకటి కూడా గుమ్మం బయటే వదిలి రావాలి. నాచు పట్టిందని మైలుతుత్తం వేసే అలవాటు. రాగి పగడాలకు, నత్తలకు, రొయ్యలకు పచ్చి విషం. రాళ్ళలో ఇంకిపోయి నెలల తరబడి మెల్లగా బయటికొస్తుంది కూడా. కొత్త తొట్టిలో మొదటి రెండు మూడు నెలలు గోధుమరంగు మడ్డి, తర్వాత పచ్చనాచు రావడం మామూలే. చేత్తో గోకి తీసేయండి. వారానికి పది లీటర్ల నీరు మార్చండి. మేత తగ్గించండి. అంతకుమించి మందేమీ లేదు.

ఇక ఎండ. పగడం లోపల కంటికి కనిపించని పాచి మొక్కలుంటాయి. ఎండలో అవి వండిన తిండే పగడానికి ముఖ్య ఆధారం. పగడానికి ఆ రంగు కూడా చాలావరకు వాటివల్ల వచ్చేదే. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం వాటిని బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన దేశపు పగడపు దిబ్బల్లో ఇదే జరిగింది. 2024లోనూ లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబడ్డాయి. మహాసముద్రంలోనే అలా జరుగుతుంటే మే నెలలో మన ముందు గదిలోని తొట్టి మాటేమిటి? తొట్టి నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ పాటి కూడా తగ్గని రోజులుంటాయి. చిల్లర్ కొనగలరా, లేక ఆ గదిలో ఏసీ రోజంతా నడుస్తుందా? రెండూ కాదంటే పగడం ఆలోచన మానుకోండి. ఒక వేసవి గడిచేదాకా పగడం వద్దని నేననడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం చట్టం. పగడపు దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడం, సముద్రపు విసనకర్రలతో సహా, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు. సముద్రపు గుర్రాలు కూడా ఈ జాబితాలోనివే. దృష్టి తగలకుండా ఇంద్రజాల్ అని చెట్టుకొమ్మలాంటిది ఒకటి ఫ్రేము కట్టి అమ్ముతుంటారు చూడండి, అదీ మొక్క కాదు, పగడం జాతి ప్రాణే. గోడకు తగిలించుకుంటే దృష్టి మాట ఎలా ఉన్నా అటవీ శాఖ దృష్టి పడటం ఖాయం. తొట్టిలో పేర్చే రాయి పేరుతో అమ్మేదాంట్లో కూడా చాలావరకు పగడపు అస్థిపంజరమే. సముద్రంలో ఆ రాయి తయారు కావడానికి వందల ఏళ్ళు పట్టి ఉండవచ్చు. మన్నార్ గల్ఫ్‌లో సున్నం కోసం, సిమెంటు కోసం ఏళ్ళ తరబడి పగడం తవ్వుకుపోయారు. అక్కడి రెండు దీవులు నీట మునగడానికి అదీ ఒక కారణమని నిపుణులు చెబుతారు. 1986లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. పిల్లాడి సరదా కోసం అక్కడి ముక్క మన ఊరు రావడం న్యాయం కాదు. కాల్చిన మట్టితో చేసిన రాళ్ళు దొరుకుతాయి, బాక్టీరియాకు అవి చాలు. సిమెంటుతో మనమే చేసుకోవచ్చు కూడా. కొత్త సిమెంటు తొట్టిని నానబెట్టినట్టే రెండు మూడు నెలలు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, పీహెచ్ దిగాకే వాడాలి.

ఏడాది నిలిచిన తొట్టిలో మెత్తని పగడాలు, పుట్టగొడుగు పగడాలు, అవీ తొట్టెల్లోనే ముక్కలుగా చేసి పెంచినవి, పెట్టొచ్చు. కొనేముందు ఎక్కడివో రాసి ఇవ్వమనండి. దిగుమతి సరుకైతే 2022లో సవరించిన చట్టం ప్రకారం నమోదు చేయించాల్సినవి ఉన్నాయి. జిల్లా అటవీ అధికారిని ఒక మాట అడిగి కొనడం మేలు. అడిగితే విసుక్కునే వ్యాపారి దగ్గర కొనకండి.

చేపల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. సముద్రంలో పట్టిన చేప అక్కర్లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ చేపల్ని, డామ్సెల్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతులు ఎప్పుడో రూపొందించారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలోనే ఉంది. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపకు తొట్టే లోకం. తొట్టి మేత తింటుంది, తొందరగా బెదరదు. ఒక జత వేస్తే పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగానే ఉంటుంది. రాయి పక్కన గుడ్లు పెడితే తండ్రే రెక్కలతో విసురుతూ వారం రోజులు కాపలా కాస్తాడు. వంద లీటర్లకు ఆ జత, ఇంకో చిన్న చేప, నాలుగు నత్తలు... అంతే. ఎకరాకు లక్షలకు లక్షలు సీడు వేసి చూసిన చేతికి ఇది బొత్తిగా ఆనదు. కానీ 1994, 95లలో టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు, కిక్కిరిసిన చెరువుల్లో రోగం ఎలా పరుగెత్తిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఆ గుడ్లను పిల్లలుగా చేసి అమ్మితే లాభమంటూ ఎవరైనా మీ ఇంటికొస్తే మాత్రం ఈము పక్షుల్ని తలచుకోండి. రోటిఫర్లు పెంచడం, ఆర్టీమియా పొదిగించడం తెలిసిన హేచరీ కుర్రాళ్ళు మన తీరంలో ఉన్నారు, నిజమే. వాళ్ళు చేయగలరేమో కూడా. ముందే డబ్బు కట్టించుకుని, పిల్లల్ని తిరిగి మేమే కొంటామనే మాటను నమ్మొద్దు.

చివరగా రెండు పనులు. 27 డిగ్రీల సముద్రపు నీటిలో పట్టే ఆక్సిజన్ లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాములే, మంచినీటిలో కంటే తక్కువ. కాబట్టి కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి మోటారు మొదటి రోజే కొనండి. తర్వాత, తొట్టి నిండినప్పుడు నీటిమట్టం దగ్గర గాజు మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీయండి. మీరు పెళ్ళికో పుష్కరాలకో ఊరెళ్తే, ఇంట్లో ఉన్నవాళ్ళకు మేత డబ్బా అప్పగించొద్దు. పెద్ద చేపలు రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు. రోజూ సాయంత్రం ఆ గీత దాకా మంచినీళ్ళు పోయమని మాత్రం చెప్పి వెళ్ళండి.