పెళ్లి సామాన్ల చిట్టాలో ఒక చిన్న మాత్ర రాయండి!

అక్కలారా, చెల్లెళ్లారా, అత్తమ్మలారా, కొత్త పెళ్లికొడుకులారా!

ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో పట్టుచీరల దగ్గర్నుంచి పసుపుకొమ్ముల దాకా చిట్టా రాసుకుంటాం. ఫోలిక్ యాసిడ్ పేరు మాత్రం అందులో ఉండదు. నెల తప్పాక, ఆసుపత్రిలో కార్డు రాయించుకునే రోజున ఆ పేరు మొదటిసారి వింటాం. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఎందుకో చదవండి.

ఆ 28 రోజులు

కడుపులో బిడ్డ పడ్డాక మెదడుగా, వెన్నుపాముగా మారే ఒక సన్నని గొట్టం 28 రోజుల్లోపు మూసుకోవాలి. కింది భాగం మూసుకోకపోతే బిడ్డ వెన్ను మీద తిత్తితో, కాళ్లలో సత్తువ లేకుండా పుట్టవచ్చు. పైభాగం మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు.

ఇప్పుడు లెక్క వేయండి. నెల తప్పిందని తెలిసేసరికే బిడ్డ పడి రెండు వారాలవుతుంది. నిజమో కాదో చూద్దామని ఇంకో పది రోజులు ఆగుతాం. మూడో నెల వచ్చేదాకా బయటికి చెప్పొద్దని పెద్దవాళ్లు అంటారు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేసరికి ఆ గొట్టం సంగతి తేలిపోయి ఉంటుంది. ఆ తర్వాత మింగే మాత్ర ఒంట్లో రక్తానికి పనికొస్తుంది గానీ, ఈ లోపాన్ని ఆపలేదు. పెళ్లయ్యాక పందిరి వేసినట్టే!

అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. ఇలా వాడితే ఈ లోపాల్లో చాలావరకు రాకుండా ఆపవచ్చు. పెళ్లయిన కొత్తలో కడుపు ఎప్పుడు నిలుస్తుందో ఎవరు చెప్పగలరు? శుభలేఖలు పంచే రోజుల్లోనే మొదలుపెట్టండి.

"తోటకూర, పాలకూర, పెసరపప్పు తింటున్నాం కదా" అంటారా? తప్పకుండా తినండి. కానీ ఆకుకూరను కుతకుతా ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అందులోని ఫోలేట్ చాలావరకు పోతుంది. మాత్రలోది ఒంటికి బాగా పడుతుంది. కూరా కావాలి, మాత్రా కావాలి.

మన భీమవరం బిడ్డ కష్టం ఈ మాత్రలో ఉంది

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి తోబుట్టువుల్లో ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆయన అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. 1945లో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది. స్ప్రూ రోగులకూ అదే మందయింది. ప్రపంచమంతా వాడుతున్న ఆ మాత్ర మన ఆడపిల్లలకు వేళకు అందకపోతే ఎలా?

స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవండి

మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ అడిగితే చాలాచోట్ల 5 ఎంజీ మాత్ర చేతిలో పెడతారు. మనకు కావాల్సింది 400 ఎంసీజీ. ఒక ఎంజీ అంటే వెయ్యి ఎంసీజీలు. అంటే ఆ మాత్రలో మనకు కావాల్సిన దానికి పన్నెండు రెట్లకు పైగా మందు ఉంటుంది! అంత మోతాదు అందరికీ అక్కర్లేదు. పైగా బీ12 లోపం ఉన్నవాళ్లలో ఆ లోపం పైకి తెలియకుండా కప్పేసే ప్రమాదం ఉంది.

పెద్ద మోతాదు కావాల్సినవాళ్లూ ఉన్నారు. ముందు కాన్పులో ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవాళ్లు, మూర్ఛకు మందులు వాడేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు గర్భానికి ముందే డాక్టరును కలవాలి. మోతాదు డాక్టరే చెప్పాలి. మూర్ఛ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

రంగురంగుల డబ్బాలకు మోసపోకండి

తెలిసినవాళ్లు ఇంటికొచ్చి అమ్మే పొడులు, టీవీలో చూపించే టానిక్కులు వేలకు వేలు మింగేస్తున్నాయి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, "హెల్త్ సప్లిమెంట్", "వైద్యానికి వాడేది కాదు" అన్న మాటలు ఉంటే అది మందు కాదని అర్థం. జబ్బు నయం చేస్తుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

రెండు మూడు డబ్బాలు కలిపి వాడితే ఒకే విటమిన్ రెట్టింపు, మూడింతలు పడుతుంది. గర్భిణికి విటమిన్ ఏ (రెటినాల్) మోతాదు మించితే బిడ్డకే చేటు. విటమిన్ డీ 60,000 యూనిట్ల గుళిక సాధారణంగా వారానికి ఒకటి రాస్తారు. అది రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినవచ్చు. చీటీ లేకుండా కొనొద్దు.

రోజువారీ ఆరోగ్యానికి

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కడుపు రాకముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మాంసం, గుడ్డు, పాలు ముట్టనివాళ్లు బీ12 సంగతి డాక్టరును అడగండి. ఆకుకూరలు, పప్పుల్లో బీ12 దొరకదు.

నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర రోజూ వేసుకోండి. కాఫీ, టీ, పాలతో వద్దు. నిమ్మరసమో జామకాయో తోడైతే ఇంకా మంచిది. ఐరన్‌కూ కాల్షియంకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అయితే భయపడొద్దు. ఐరన్ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది ఒట్టి మాట!

ఈ వారమే చేయండి

* పెళ్లి కుదిరిన అమ్మాయి ఇంట్లో ఉంటే ఏఎన్ఎం గారినో, ఆశా అక్కనో కలవండి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వాడాలని అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మొహమాటపడకుండా అడగండి.
* మాత్రలు లేవంటే తెప్పించమని పల్లె దవాఖానాలో, బస్తీ దవాఖానాలో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కాగితం రాసి ఇవ్వండి. గ్రామసభలో ప్రస్తావించండి.
* బయట కొనాల్సి వస్తే జన ఔషధి దుకాణంలో ముందు చూడండి. రోజుకు ఒక టీ ఖరీదు కూడా కాదు.
* అత్తమ్మలారా, "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అనకండి. కోడలు మాత్ర వేసుకుందో లేదో మీరే కనుక్కోండి.
* పెళ్లికొడుకులారా, ఆ స్ట్రిప్పు కొని తెచ్చే పని మీది. సిగరెట్టు, గుట్కా, మద్యం మానే పనీ మీదే.

బిడ్డకు ముందే ఫోలిక్ యాసిడ్!
చీటీ లేని మందు వద్దు, చదవని డబ్బా వద్దు!

చదివాక ఈ కాగితాన్ని పారేయకండి. మీ వాడలో పెళ్లి కుదిరిన ఇంటికి ఇవ్వండి.

ఇట్లు,
మీ ఊరి ఆడబిడ్డలు